బిల్లు ఇచ్చేది ఒకరు, నిర్ణయం తీసుకునేది మరొకరు

పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

కొనేవారికీ అమ్మేవారికీ మధ్య నిత్యం నడిచే వ్యవహారాల గురించి పాఠకులు పంపిన ఉత్తరాలలో ఆరింటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. పేర్లు ప్రచురించవద్దని ఎక్కువమంది కోరినందున ఎవరి పేరూ వేయడం లేదు. కొన్ని ఉత్తరాలను స్థలాభావం వల్ల కుదించవలసి వచ్చింది.

ప్రశ్న: మా ఇంటికి దగ్గరలో ఒక చిన్న దుకాణం ఉంది. దాని యజమాని నన్ను పేరు పెట్టి పలకరిస్తారు. కాస్త దూరంలో ఒక పెద్ద కంపెనీ వారి దుకాణం వచ్చింది. అక్కడ సరుకు చవక, బిల్లు కచ్చితం, నచ్చకపోతే మారుమాట లేకుండా వెనక్కి తీసుకుంటారు. నేను అక్కడే కొంటున్నాను. నిండు సంచి చేత పట్టుకుని ఆ చిన్న దుకాణం ముందు నుంచి నడిచి వచ్చేటప్పుడు మాత్రం తల దించుకోవలసి వస్తోంది. నేను చేస్తున్నది తప్పంటారా?

సమాధానం: తప్పని మేము అనలేము. పెద్ద దుకాణం మనకు ఇచ్చిన మర్యాద ఒకటుంది, దాన్ని ముందుగా ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఏ వస్తువుకూ ధర రాసి ఉండేది కాదు. వచ్చినవాడి వేషం, భాష, అవసరం చూసి దుకాణదారు ధర చెప్పేవాడు. బేరమాడటం చేతనైనవాడు లాభపడేవాడు, నోరులేనివాడు నష్టపోయేవాడు. మనిషిని బట్టి ధర చెప్పడం అబద్ధమాడటంతో సమానమని 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో క్వేకర్లనే మతశాఖ వారు భావించి, తమ దుకాణాలలో అందరికీ ఒకే ధర పెట్టారు. ఆ పద్ధతిని భారీ ఎత్తున నడిపి చూపినవారిలో అరిస్టీడ్ బూసికో ముఖ్యుడు. పారిస్‌లోని బాన్ మార్షే దుకాణంలో 1852లో భాగస్వామిగా చేరిన ఆయన, ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టించి, నచ్చని సరుకును తిరిగి తీసుకునే ఏర్పాటు చేశాడు. కొనకుండా చూసి వెళ్లే స్వేచ్ఛ కూడా ఇటువంటి దుకాణాల వల్లనే మామూలు విషయమైంది. చిన్న దుకాణం గురించి బెంగగా రాసేవారు దీన్ని చప్పుడు చేయకుండా దాటేస్తుంటారు.

అయితే పోయినదీ ఉంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచేవరకు, సరుకును బల్ల వెనుక ఉన్న మనిషి తీసి ఇవ్వడమే ఆనవాయితీ. సాండర్స్ ఆ బల్లను తీసేసి, కొనేవారినే అరల మధ్యకు పంపాడు. ఖర్చు తగ్గింది, ధరా తగ్గింది. కానీ “ఇది వద్దు, మీ పనికి అది సరిపోతుంది” అని చెప్పే మనిషి కూడా బల్లతో పాటే వెళ్లిపోయాడు. అతడి స్థానంలోకి పొట్లం మీది బొమ్మ, బ్రాండు పేరు, వాటిని మన మనసులో నాటే ప్రకటన వచ్చాయి. సలహా ఇచ్చిన మనిషిని మరునాడు నిలదీయవచ్చు, పొట్లం మీది బొమ్మను ఎవరు మాత్రం ఏమని అడుగుతారు?

మా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. చిన్న దుకాణంలో నిర్ణయం తీసుకున్న మనిషే మీ ఎదుట నిలబడి ఉంటాడు. సరుకు ఎక్కడి నుంచి తేవాలి, ఎంతకు అమ్మాలి, పాడైనదాన్ని మార్చాలా వద్దా అన్నీ అతడి చేతిలోనే ఉంటాయి. పెద్ద దుకాణంలో మీ ఎదుట ఉన్న ఉద్యోగికి మర్యాదగా మాట్లాడే శిక్షణ ఉంటుంది కానీ నిర్ణయాధికారం ఉండదు. కాబట్టి దేన్ని ఎక్కడ కొనాలన్నది ఆ దూరాన్ని బట్టి ఆలోచించండి. ఎక్కడ కొన్నా ఒకేలా ఉండే మూతవేసిన పొట్లాన్ని చవకగా దొరికేచోట కొనడంలో సిగ్గుపడవలసింది లేదు. తరువాత బాగుచేయించుకోవలసినవి, కొలతకు సరిపోవలసినవి, సలహా లేకుండా ఎంచుకోలేనివి మాత్రం మాట నిలబెట్టుకునే మనిషి దగ్గర కొంటే, కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. చేయకూడనిది ఒకటుంది. చిన్న దుకాణంలో అరగంట కూర్చుని, వివరాలన్నీ అడిగి తెలుసుకుని, ఆ వస్తువునే పెద్ద దుకాణంలో కొనడం ఆ మనిషి శ్రమను ఉచితంగా వాడుకోవడమే. తల దించుకోవలసి వస్తే దానికి దించుకోవాలి.

ప్రశ్న: నేను చిన్న దుకాణం నడుపుతున్నాను. నేను టోకు వ్యాపారి దగ్గర కొనే ధర కంటే తక్కువకే ఒక పెద్ద కంపెనీ అదే సరుకును వినియోగదారుల ఇంటికి చేరుస్తోంది. ఇది న్యాయమేనా? నా వంటివాడు నిలదొక్కుకునే దారి ఉందా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. ఎక్కువ కొనేవాడికి తక్కువ ధరకు రావడం ఒకటి, ఎదుటివాడు మూతబడేవరకు నష్టానికి అమ్మడం రెండోది. ఎక్కువ సరుకును ఒకేసారి చేరవేయడం వల్ల నిజంగా మిగిలే ఖర్చును తగ్గించి ఇస్తే తప్పుపట్టలేం. అంతకు మించి, పెద్దవాడు కాబట్టి భయపడి ఇచ్చే రాయితీ వేరు. 1870లలో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ రైల్వేల నుంచి రహస్యంగా రాయితీలు పొందేది. పోటీదారులు పూర్తి రవాణా ఖర్చు భరిస్తూ ఉండగా, దాని సరుకు మాత్రం తక్కువ ఖర్చుతో గమ్యం చేరేది. పోటీదారులు ఒక్కొక్కరే తమ వ్యాపారాన్ని ఆ కంపెనీకే అమ్ముకున్నారు. పోటీని అణచివేయడాన్ని నిషేధిస్తూ 1890లో వచ్చిన షెర్మన్ చట్టం కింద అమెరికా సుప్రీంకోర్టు 1911లో ఆ కంపెనీని 34 ముక్కలు చేయించింది. గొలుసు దుకాణాలు చిన్నవారిని మింగేస్తున్నాయన్న ఆందోళనతోనే 1936లో రాబిన్సన్-పాట్మన్ చట్టం వచ్చింది. పోటీపడే ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే సరుకును తగిన కారణం లేకుండా వేర్వేరు ధరలకు ఇవ్వకూడదని దాని సారాంశం. చట్టం పుస్తకంలో నిలిచే ఉన్నా దశాబ్దాల పాటు దాదాపు మూలనపడింది.

ఎందుకు మూలనపడిందో తెలిస్తే మీ కష్టానికి మూలం తెలుస్తుంది. 1970ల చివర నుంచి అమెరికాలోని న్యాయస్థానాలు పోటీ చట్టాన్ని చూసే తీరు మారింది. వినియోగదారుడికి ధర పెరిగిందా లేదా అన్నదే ముఖ్యమని రాబర్ట్ బోర్క్ వంటి న్యాయకోవిదులు వాదించారు. ఆ లెక్కన చూస్తే, మీ దుకాణం మూతబడటం ఎవరి లెక్కలోకీ రాదు. ధర తగ్గింది కదా అంటారు. ఈ వాదం నేటి ఆన్‌లైన్ కంపెనీల శక్తిని కొలవడానికి చాలదని 2017లో లీనా ఖాన్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని రాసిన వ్యాసం పెద్ద చర్చకు దారితీసింది. 2021లో ఆమే, పోటీ చట్టాలను అమలుచేసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు అధ్యక్షురాలైంది. అంగడి నడిపేవాడే అందులో అమ్మకందారు కూడా అయితే వచ్చే చిక్కును ఐరోపా సమాఖ్య గట్టిగానే పట్టుకుంది. తన వెదుకులాట ఫలితాలలో తన సొంత కొనుగోలు సేవను ముందు వరుసలో చూపినందుకు 2017లో గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా పడింది. ఆ జరిమానాను ఐరోపా అత్యున్నత న్యాయస్థానం 2024లో ఖరారు చేసింది. తన వేదిక మీద అమ్ముకునే ఇతర వ్యాపారుల గుట్టు సమాచారాన్ని తన సొంత అమ్మకాల కోసం వాడుకోబోనని అమెజాన్ 2022లో ఆ సమాఖ్యకు హామీ ఇవ్వవలసి వచ్చింది. అద్దెకిచ్చిన ఇంటి యజమాని కిరాయిదారు గల్లాపెట్టె లెక్కలు రోజూ చదవగలిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఆ హామీ అవసరం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఇక మీ దారి సంగతి. ధరలో పోటీపడకండి, ఆ పోటీలో మీరు ఓడిపోతారు. కొనుగోలులో మాత్రం ఒంటరిగా ఉండకండి. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కూడి, తలా కాస్త సొమ్ము వేసుకుని ఒక దుకాణం తెరిచారు. వారిలో నేతపనివారు ఉన్నారు. కల్తీలేని సరుకు, సరైన తూకం, మిగిలిన లాభం కొన్నవారికే వారి కొనుగోలు మేరకు పంపిణీ అన్నది వారి పద్ధతి. అది కొనేవారి సంఘం. అమ్మేవారి సంఘాలూ ఉన్నాయి. నేడు జర్మనీలో అతిపెద్ద దుకాణ సముదాయాలలో ఒకటైన ఎడెకా, చిన్న దుకాణదారులు కలిసి సరుకు కొనడానికి పెట్టుకున్న సహకార సంఘాల నుంచే పుట్టింది. మీలాంటివారు పదిమంది కలిసి టోకు వ్యాపారి దగ్గరకు వెళితే వచ్చే ధర వేరుగా ఉంటుంది. దుకాణాల మధ్య పోటీ ఉన్నా సరుకు కొనేచోట కలిసి నడవవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. కలిసి కొనడం వేరు, అందరూ కూడబలుక్కుని ఒకే ధరకు అమ్మడం వేరు. రెండోది చాలా దేశాల చట్టాలలో నేరం, చిన్నవారు చేసినా నేరమే.

ప్రశ్న: నేను కొన్న యంత్రం వారంటీ ముగిసిన కొన్ని వారాలకే చెడిపోయింది. బాగు చేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంది. కావాలనే ఇలా తయారుచేస్తారని మా ఇంట్లో అందరి అనుమానం. నిజమేనా?

సమాధానం: కావాలనే చేసిన సందర్భం ఒకటి చరిత్రలో స్పష్టంగా నమోదై ఉంది. 1924 చివర జెనీవాలో ఫిలిప్స్, ఓస్రామ్ తదితర బల్బుల తయారీ కంపెనీలు ఫీబస్ అనే పేరుతో ఒక కూటమి కట్టాయి. దేశాలను పంచుకోవడంతో పాటు, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని నిర్ణయించుకున్నాయి. అంతకు ముందు అంతకంటే ఎక్కువ కాలం వెలిగే బల్బులు ఉండేవి. హద్దు దాటి వెలిగే బల్బులు తయారుచేసిన సభ్యులకు జరిమానా వేశారు. బల్బు ఎక్కువసేపు వెలిగినందుకు జరిమానా! రెండో ప్రపంచయుద్ధం రావడంతో కూటమి చెదిరిపోయింది. అయితే కంపెనీల వాదనలోనూ కొంత సత్యం ఉంది. లోపలి తీగ వేడెక్కి వెలిగే ఆ రకం బల్బుల్లో ఎక్కువకాలం మన్నేది అదే విద్యుత్తుకు తక్కువ వెలుగిస్తుంది. ఎంతకాలం మన్నాలి, ఎంత వెలుగివ్వాలి అన్న రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతను కొనేవారికి చెప్పకుండా, పోటీయే లేకుండా, తామంతా కూర్చుని గీసుకోవడమే అన్యాయం.

మీ యంత్రం విషయంలో అంత కుట్ర ఉండకపోవచ్చు. చాలాసార్లు జరిగేది ఇది. ధర తగ్గించాలని ఒక భాగాన్ని పలుచన చేస్తారు. మరలకు బదులు జిగురుతో అతికిస్తారు. విడి భాగాలు అమ్మరు. ప్రతి నిర్ణయం వెనుకా ఒక సమంజసమైన కారణం కనిపిస్తుంది, అన్నీ కలిసేసరికి వస్తువు పారేయక తప్పనిదవుతుంది. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్లు ఆపిల్ కంపెనీ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామని వివరణ ఇచ్చింది. ఆ కారణం నిజమే కావచ్చు, కానీ కొన్నవారికి చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే సరిపోయే చోట కొత్త ఫోను కొనవలసి వచ్చిందని అనుకునేవారికి ఆ మౌనం ఖరీదైనది. చెప్పకపోవడాన్నే తప్పుపట్టి ఫ్రాన్సు 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే దేశం 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, బట్టలుతికే యంత్రాల వంటి కొన్నింటి మీద, అవి ఎంత సులువుగా బాగుపడతాయో పదికి ఇన్ని మార్కులని అచ్చువేయాలని నిబంధన పెట్టింది. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కు చట్టాన్ని ఆమోదించింది.

మీరు ఇప్పుడు చేయగలిగినవి రెండున్నాయి. వారంటీ ముగిసిందని విని ఊరుకోకండి. వస్తువు సహజంగా ఎంతకాలం మన్నాలో అంతకాలం మన్నకపోతే, వారంటీ కాగితంతో సంబంధం లేకుండానే అమ్మినవారి మీద బాధ్యత ఉంచే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. మీ చోటి చట్టం ఏమంటుందో కనుక్కోండి. రెండోది, కంపెనీ మరమ్మతు కేంద్రం చెప్పిన ఖర్చే ఆఖరి మాట అనుకోకుండా, వీధిలో మరమ్మతు చేసే మనిషికి ఒకసారి చూపించండి. కంపెనీ కేంద్రం లోపలి సర్క్యూట్ పలకను మొత్తంగా మారుస్తుంది, ఆయన దాని మీద కాలిపోయిన చిన్న భాగాన్ని మారుస్తాడు. బిల్లుల్లో తేడా చాలావరకు అక్కడే వస్తుంది.

ప్రశ్న: ఒక కంపెనీకి ఫిర్యాదు చేయడానికి 14 సార్లు ఫోను చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పుకోవడం. చివరకు ఫోనులో దొరికిన అమ్మాయి మీద అరిచాను. ఆమెదేమీ తప్పు లేదని తరువాత బాధ కలిగింది. అసలు కంపెనీ అంటే ఎవరు? ఎవరిని అడగాలి?

సమాధానం: “కంపెనీ అంటే ఎవరు” అన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు వింతగా ఉంటుంది. కంపెనీ అంటే దాని యజమానులు కారు, ఉద్యోగులు కారు, వారందరికీ వేరుగా ఉన్న ఒక వ్యక్తి. ఈ సూత్రాన్ని స్థిరపరచిన తీర్పు మహా సంస్థ గురించి వచ్చినది కాదు. లండనులో తోలు బూట్లు చేయించే ఆరన్ సాలమన్ అనే వ్యాపారి తన వ్యాపారాన్ని ఒక కంపెనీగా మార్చాడు. వాటాదారులు ఆయన, భార్య, ఐదుగురు పిల్లలు. మొత్తం 20,007 వాటాలలో 20,001 ఆయనవే. కంపెనీ దివాలా తీసింది. అప్పులిచ్చినవారి తరఫున ఆయన మీదికి వెళితే, కంపెనీ వేరు, సాలమన్ వేరు, దాని అప్పులు ఆయన తీర్చనవసరం లేదని 1896లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చింది. చిన్న వ్యాపారికి అండగా నిలిచిన ఆ కవచమే నేడు ఖండాంతరాల సంస్థలకూ రక్షణ. మీరు అరిచిన అమ్మాయి ఆ కవచానికి బయట నిలబెట్టిన మనిషి. మీ బాధ సహజమే, క్షమాపణ చెప్పే అవకాశం దొరికితే చెప్పండి.

ఇక అడిగే తీరు. నోటిమాటను మానేసి రాతకు రండి. ఏ తేదీన ఏమి కొన్నారు, ఏమి చెప్పి అమ్మారు, ఏమి జరిగింది, మీకు ఏమి కావాలి, ఎన్ని రోజులలో కావాలి అన్నవి అర పేజీలో రాసి, బిల్లు ప్రతి జతచేసి, కంపెనీ ఫిర్యాదుల అధికారి చిరునామాకు పంపండి. కోపం రాయకండి, తేదీలు రాయండి. “నాకు న్యాయం చేయండి” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. “డబ్బు వెనక్కి ఇవ్వండి” అంటే కాదనో అవుననో రాతపూర్వకంగా చెప్పవలసి వస్తుంది. ఆ రాత మీ చేతిలో ఉంటేనే వినియోగదారుల న్యాయస్థానం ముందు గానీ, మీ కార్డు ఇచ్చిన బ్యాంకు ముందు గానీ మాట చెల్లుతుంది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ వినియోగదారులకు నాలుగు హక్కులు చెప్పాడు. భద్రత, సమాచారం, ఎంపిక, చివరిగా తన మాట వినిపించుకునే హక్కు. మీ 14 ఫోను కాల్స్ ఆ నాలుగోదాని మీదే ఖర్చయ్యాయి.

ప్రశ్న: పొట్లం ధర మారలేదు కానీ లోపల సరుకు తగ్గింది. ఇది మోసం కాదా?

సమాధానం: బరువు పొట్లం మీద సరిగానే అచ్చువేసి ఉంటే చట్టం మోసమనదు. ధర గుర్తుంటుందనీ బరువు గుర్తుండదనీ తెలిసి చేసే పని కాబట్టి మేము నిజాయితీ అనలేం. ఫ్రాన్సులో 2024 జూలై 1 నుంచి 400 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు, ఇలా తగ్గిన సరుకుల దగ్గర ఆ సంగతి తెలిపే కాగితం అంటించాలి. అటువంటి కాగితం లేనిచోట పొట్లం ధర చదవడం మానేసి, కిలోకు లేదా లీటరుకు ఎంతో చదవండి.

ప్రశ్న: అవసరం లేనివి కొని తెచ్చి తరువాత బాధపడుతున్నాను. నాకు మనోనిగ్రహం లేదని ఇంట్లోవారు అంటున్నారు.

సమాధానం: అంతా మీ నిగ్రహం మీదికే నెట్టడం అన్యాయం. 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు, బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి చక్రాల బండి తయారుచేయించాడు. మొదట ఎవరూ దాన్ని ముట్టలేదు. కొనేవారిలా నటించే మనుషులను కూలికి పెట్టి బండ్లు తోయిస్తేనే అలవాటైందట. అంతవరకు చేయి నొప్పి పుట్టడమే కొనుగోలుకు హద్దు. 1999లో అమెజాన్ ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి పేటెంటు పొందింది. దాంతో చిరునామా రాయడం, కార్డు వెతకడం అన్న చివరి అడ్డంకులూ పోయాయి. తీసేసిన అడ్డంకులను మీరే మళ్లీ పెట్టుకోండి. ఫోనులో భద్రపరచిన కార్డు వివరాలు చెరిపేయండి. దుకాణానికి బండి తోయకుండా చేతి సంచితో వెళ్లండి. నచ్చినదాన్ని కాగితం మీద రాసి వారం ఆగండి. వారం తరువాత కూడా కావాలనిపిస్తే కొనండి, దానికి బాధపడకండి.